పళ్ళెం వెనకాల ఆరు అక్షరాలు

గూడూరు,
10-6-1962

ప్రియమైన శేషమ్మకు,

నేనిక్కడ క్షేమం. నువ్వూ అమ్మా క్షేమంగా ఉన్నారని తలుస్తాను. గదిలో ఆరుగురం కాళ్ళు ముడుచుకుని పడుకుంటున్నాం. కొత్తగా చేరిన వెంకటగిరి అతను గురక పెడతాడు. అంతకు మించి కష్టమేమీ లేదు.

ఇక అసలు సంగతి. నిన్న మా ఫ్యాక్టరీ యజమాని జయరామయ్య గారు పిలిపించారు. మద్రాసులో ఒక పెద్ద హోటలు వారికి డెబ్బై రెండు వస్తువుల భోజనాల సెట్టు కావాలట. పళ్ళాలు, గిన్నెలు, కప్పులు, సాసర్లు, అన్నీ. మనం రోజూ వేసే గులాబీ పువ్వులు పనికిరావు. పాతకాలపు చైనా పింగాణీ మీద ఉండే నీలం పని కావాలన్నారట. "నీ చేతిలో అయితేనే అవుతుంది చెంచురామయ్యా. బాగా కుదిరిందంటే రంగుల సెక్షనుకి నిన్నే మేస్త్రీని చేస్తా" అన్నారు.

మేస్త్రీకి రెండు గదుల క్వార్టర్సు ఇస్తారు. ఆ మాట విన్నప్పటినుంచి నాకు కాళ్ళు నేలమీద నిలవడం లేదు. పెళ్ళయి నాలుగేళ్ళయింది. అందులో మనం ఒక కప్పు కింద ఉన్నది నాలుగు నెలలు కూడా లేదు.

పెరుగు కుండ మీద అమ్మ మూతగా వాడే నీలం పళ్ళెం ఉంది కదా. చేపలమ్మే మాలకొండమ్మ మామగారి వలలో పడితే, అమ్మ వడ్లిచ్చి తీసుకున్నది. అది అసలైన చైనా పళ్ళెమని నాకు ఈ పనిలోకి వచ్చాకే తెలిసింది. అది నాకు మాదిరిగా కావాలి. అమ్మ ఒప్పుకోదు. ఒప్పించే పని నీది.

ఇట్లు,
నీ చెంచురామయ్య


అల్లూరు,
17-6-1962

ప్రియమైన శ్రీవారికి,

శేషమ్మ నమస్కరించి రాయునది. ఉత్తరం చదివి అత్తమ్మకు వినిపించాను. "వాడికి ఫ్యాక్టరీలో ఇన్ని పళ్ళేలుంటే నా మూత కావాల్సొచ్చిందా?" అని రెండు రోజులు సణిగారు. క్వార్టర్సు మాట చెప్పాక మెత్తబడ్డారు. కుండకు ఇప్పుడు ఇత్తడి తట్ట మూసి, పెరుగు రుచి పోయిందని మీ మీద వేస్తున్నారు.

పళ్ళేన్ని నా పాత చీరలో చుట్టి, తవుడు బస్తాలో మధ్యన పెట్టి, గూడూరు వస్తున్న మా అన్నతో పంపుతున్నాను. ముందు పళ్ళేన్ని తీయండి. తర్వాత కావాలంటే తవుడుతో ఏం చేసుకుంటారో మీ ఇష్టం.

ఆ రెండు గదుల్లో వంటగది తూర్పు వైపుందా? పొగ పోవడానికి కిటికీ ఉందా? మీకు ఇవేమీ పట్టవు. చూసి రాయండి. ఆశ పెట్టుకోకూడదని నాకు నేను చెప్పుకుంటూనే నిన్న రెండు కొత్త చేటలు కొన్నాను.

మీ
శేషమ్మ


గూడూరు,
14-9-1962

ప్రియమైన శేషమ్మకు,

నిన్న బట్టీ తెరిచాం. శేషమ్మా, నువ్వు పక్కన ఉండాల్సింది. పూసేటప్పుడు ఆ రంగు బూడిదలాగా, దిక్కుమాలినట్టు ఉంటుంది. మంటలో కాలి బయటికి వస్తే సముద్రమంత నీలం. తామరలు, తీగలు, తోక విప్పిన పెద్ద పక్షి, అంచున అలలు. జయరామయ్య గారు ఒక పళ్ళేన్ని వెలుతురుకు పట్టి చూసి, చాలాసేపు కింద పెట్టలేదు.

మూడు నెలలు కళ్ళు పోయేలా పని చేశాను. పాత పళ్ళెం మీద పని మొత్తం నూనె కాగితం మీదికి ఎత్తుకుని, గీత వెంబడి సూదితో పొడిచాను. ఆ కాగితాన్ని కొత్త పళ్ళెం మీద పరిచి, బొగ్గుపొడి మూటతో తడితే చుక్కలు పడతాయి. చుక్కల వెంట కుంచె నడపాలి. పాత పళ్ళెం అడుగున ఆరు చైనా అక్షరాలున్నాయి. ఏముందో దేవుడికెరుక. నకలంటే నకలే కదా అని వాటిని కూడా వదల్లేదు. డెబ్బై రెండింటి అడుగునా వేశాను.

పళ్ళేన్ని మీ అన్నతోనే తిరిగి పంపాను. అందిందని రాయి. దీపావళికి క్వార్టర్సు తాళం నా చేతికి వస్తుంది. వంటగది తూర్పు వైపే. కిటికీ ఉంది.

నీ
చెంచురామయ్య


అల్లూరు,
3-11-1962

ప్రియమైన శ్రీవారికి,

నేను రాసిన మూడు ఉత్తరాలకు జవాబు లేదు. దీపావళి వెళ్ళిపోయింది. తాళం సంగతి అలా ఉంచండి, మీరు బాగున్నానని ఒక కార్డు ముక్క వేస్తే మీ చెయ్యి అరిగిపోతుందా?

ఇక్కడ ఎక్కడ విన్నా యుద్ధం మాటే. పంచాయతీ రేడియో దగ్గర వార్తలకు ఊరంతా చేరుతున్నారు. చైనా వాళ్ళు కొండలు దిగి వస్తున్నారని చెబుతుంటే అత్తమ్మ, మీరు ఆ కొండల దగ్గరే ఉన్నట్టు ఏడుస్తున్నారు. గూడూరు ఎక్కడ, ఆ కొండలెక్కడ అని చెప్పి చెప్పి నా నోరు నొప్పి పుట్టింది. చెబుతున్న నాకే ధైర్యం లేదు.

మొన్న రక్షణ నిధికి చందాలు వసూలు చేస్తూ కొందరు మన ఇంటికొచ్చారు. నా చెవి కమ్మలిచ్చాను. వాళ్ళలో ఒకాయన మజ్జిగ తాగుతూ కుండ మీది పళ్ళెం చూశాడు. "ఇదేంది, చైనా వస్తువు నట్టింట్లో పెట్టుకోనుండారే! మీ ఆయన గూడూరులో చేసే పనీ ఇదేనంటనే?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. కానీ ఆ నవ్వు నాకు నచ్చలేదు.

 పళ్ళేన్ని పగలగొడదామంటే అత్తమ్మ ఒప్పుకోలేదు. మర్నాడు మాలకొండమ్మ చేపల గంప దించితే ఆమెతో చెప్పుకున్నాను. "ఏందమ్మా దీనికింత భయం! సముద్రం ఇచ్చింది సముద్రానికే ఇచ్చేస్తే ఎవురడగతారు?" అంది. గంపలో పెట్టి పంపేశాను. ఆమె మొగుడు లోతులో వదిలి వచ్చాడట. పీడ పోయింది.

మీరేమంటారో తెలియదు. నాకు మీ కంటే ఆ మూత ఎక్కువ కాదు.

మీ
శేషమ్మ


గూడూరు,
4-11-1962

శేషమ్మకు,

జవాబు రాయలేదని కోపగించుకోకు. ఏమని రాయాలో తెలియక మూడుసార్లు మొదలుపెట్టి చించేశాను.

యుద్ధం మొదలవగానే హోటలు వారు సెట్టు వద్దన్నారు. జయరామయ్య గారు పెరట్లో గోనె పరిపించి అన్నీ పగలగొట్టించారు. నా ఎదుటే. రెండు పళ్ళాలు మాత్రం మిగిలాయి. అవి మిగలకపోయినా బాగుండేది. ఎవరో ఆ పళ్ళాల అడుగు చూసి, మన ఫ్యాక్టరీలో ఒకడు చైనా భాషలో ఏవో కబుర్లు రాసి మద్రాసుకు పంపుతున్నాడని అర్జీ పెట్టారు.

ఇన్‌స్పెక్టరు వచ్చాడు. "ఏం రాసినావు ఇక్కడ? ఎవురికి రాసినావు? ఎవురు నేర్పినారు నీకు?" అని ప్రశ్నలు. నేను చూసి దించానని చెప్పాను. "దేన్ని చూసి?" అన్నాడు. మా ఇంట్లో పాత పళ్ళెం ఉందన్నాను. "తెప్పించు" అన్నాడు. పదిహేనో తేదీ వరకు గడువిచ్చాడు. ఆలోపల చూపించకపోతే నన్ను లోపల వేస్తారు. ఎన్నాళ్ళో చెప్పలేరట. తోటివాళ్ళు నాతో కలిసి అన్నం తినడం మానేశారు. గురక పెట్టే వెంకటగిరి అతను కూడా చాప అవతలికి జరుపుకున్నాడు.

శేషమ్మా, ఆ పళ్ళెమే నాకు సాక్షి. ఇంకెవరూ లేరు. ఈ ఉత్తరం అందిన రోజే మీ అన్నతో పంపు. పగలకుండా పంపు. నువ్వు మాత్రం రావద్దు. నిన్ను కూడా కూర్చోబెట్టి అడుగుతారు.

చెంచురామయ్య


అల్లూరు,
8-11-1962

ప్రియమైన శ్రీవారికి,

మన ఉత్తరాలు దారిలో ఒకదాన్నొకటి దాటుకుని వెళ్ళాయి. ఈపాటికి నాది చదివి ఉంటారు. చదివి నన్ను తిట్టారా? తిట్టండి. మీ సాక్షిని నా చేతులతో సముద్రంలో పారేయించాను. మీ ఉత్తరం అత్తమ్మకు కూడా చదివి వినిపించాను. ఆమె తన కొంగుతో నా కళ్ళు తుడిచారు. తిట్టి ఉంటే బాగుండేది.

మరునాడు మాలకొండమ్మ వెంట నడిచి సముద్రపొడ్డున వాళ్ళ పాళెం వెళ్ళాను. ఆమె మొగుడు ముత్యాలయ్యను పళ్ళెం వదిలిన చోటికి పొమ్మని బతిమాలాను. "అమ్మా, అది నాలుగు నిలువుల లోతు. ఈ కాలం నీళ్ళు ఊరుకోవు" అన్నాడు. నేను ఇసుకలో కూర్చుని ఏడిచాను. సిగ్గుపడలేదు. పాళెం ఆడవాళ్ళు చుట్టూ చేరారు. సంగతి తెలిసి, ఒకామె ఇంట్లోకి పోయి చిన్న పెంకు తెచ్చింది. నీలం పువ్వుంది దాని మీద. ఇంకొకామె ఇంకొకటి తెచ్చింది. వలల్లో పడ్డవి, అలలకు కొట్టుకొచ్చినవి వాళ్ళ ఇళ్ళల్లో ఎప్పటినుంచో ఉన్నాయట. పిల్లలు తొక్కుడుబిళ్ళ ఆడతారు, పెద్దవాళ్ళు అడుగంటిన కుండలు గీకుతారు. ఎప్పుడో చైనా ఓడ ఒకటి మునిగిందని ముసలివాళ్ళు చెప్పుకుంటారట.

ఒడినిండా పోగుచేశాను. అందులో ఒక గిన్నె అడుగు ముక్కలో ఆరు అక్షరాలూ చెక్కుచెదరకుండా ఉన్నాయి. మన పళ్ళెం అడుగున ఉన్నవే. రోజూ తోమిన చెయ్యి, నాకు తెలియదా?

మీరు రావద్దన్నారు కాబట్టి ఆగాను. ముత్యాలయ్య తనే తీసుకువస్తానన్నాడు. రైలెక్కడం అతనికి ఇదే మొదటిసారి. స్టేషనుకు ఎదురు వెళ్ళండి. ఏం జరిగినా ఒక్క మాట రాయండి. మంచిదే రాయనక్కర్లేదు.

మీ
శేషమ్మ


గూడూరు,
16-11-1962

ప్రియమైన శేషమ్మకు,

నేను బయటే ఉన్నాను. ముందు ఈ మాట అమ్మకు చెప్పి, తర్వాత మిగతాది చదువు.

నిన్న జయరామయ్య గారి గదిలో ఇన్‌స్పెక్టరు ముందు ముత్యాలయ్య మూట విప్పాడు. అంతా తేలిపోతుందనుకున్నాను. ఇన్‌స్పెక్టరు పెంకులు కెలికి, "ఓహో, ఒక్క పళ్ళెం కాదన్నమాట. రేవంతా ఈ రాతలేనా? నువ్వేనా తెచ్చేది? పడవ నీదేనా?" అని ముత్యాలయ్య వైపు తిరిగాడు. పాపం, అతను నా కోసం వచ్చాడు. చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "నాకేం తెలవదు సామీ" అని మళ్ళీ మళ్ళీ అన్నాడు.

బల్ల మీద నువ్వు పంపిన గిన్నె ముక్క, పక్కన నా పళ్ళెం బోర్లించి ఉన్నాయి. అప్పుడు చూశాను. గిన్నె ముక్కలో మూడో అక్షరం తోక ఎడమకు వంగి ఉంది. నా పళ్ళెంలో కుడికి వంగి ఉంది. మిగతావీ అంతే. సూదితో పొడిచిన కాగితం బొమ్మకు సరిగానే పరిచాను. అక్షరాలకు మాత్రం వెనకది ముందుకు తిప్పి పరిచాను. ఆ భాష రానివాడికి అక్షరం ఎటు చూసినా ఒకటే. డెబ్బై రెండుసార్లు తిరగేసి వేసి, బట్టీ తెరిచిన రోజు నీకు గొప్పలు రాశాను.

ఇంకెవరూ అది గమనించలేదు. శేషమ్మా, నీ దగ్గర దాచను, ఒక్క నిమిషం ఆ సంగతి మింగేద్దామనుకున్నాను. నేరం అప్పటికే నా మీది నుంచి ముత్యాలయ్య మీదికి మళ్ళుతోంది. పన్నెండేళ్ళుగా నాకున్నది ఈ చేతికి వచ్చిన పేరొక్కటే. పక్కన యజమాని కూర్చున్నారు. ముత్యాలయ్య కాళ్ళ వైపు చూశాను. చెప్పుల్లేని కాళ్ళతో వచ్చాడు. "అయ్యా, నేను తప్పు రాసినాను. అన్నీ తిరగబడినాయి" అన్నాను.

ఇన్‌స్పెక్టరు అద్దం తెప్పించి నా పళ్ళేన్ని అందులో చూశాడు. మళ్ళీ పెంకు చూశాడు. గట్టిగా నవ్వాడు. "అక్షరం వచ్చినోడు తన పేరు ఒక్కసారన్నా ఇట్లా తిరగేసి రాయలేడు. నువ్వు డెబ్బై రెండు రాసినావు. పో" అన్నాడు. ఇద్దరినీ పంపేశాడు. నువ్వు ఆ ముక్క పంపకపోతే నా తప్పు నాకే తెలిసేది కాదు, నేను ఈపాటికి లోపల ఉండేవాణ్ణి. పళ్ళెం సంగతి ఇక ఎత్తకు. మొదట కోపం వచ్చింది. ఇప్పుడు లేదు.

సాయంత్రం జయరామయ్య గారు పిలిచారు. "పని మాన్పించను. అయితే ఇట్టాంటి తప్పు చేసినోణ్ణి మేస్త్రీ చేస్తే నలుగురూ నన్నేమంటారు?" అన్నారు. ఆయన మాటలో తప్పులేదు. ఆ పని వేరే అతనికి ఇచ్చారు. క్వార్టర్సు కూడా.

నాలుగేళ్ళు నిన్ను మంచి ఇల్లు దొరికేదాకా అని ఆపాను. ఈ పదిరోజులూ నాకు గుర్తొచ్చింది గదులు కాదు. నిమ్మకాయల మండీ వెనక ఒక గది చూశాను. ఒకటే గది. వంట వసారాలో చేసుకోవాలి, నీళ్ళు బావి నుంచి తోడుకోవాలి. ఉన్న కాస్త పొలం మీ అన్నకు అప్పగించి, అమ్మను తీసుకుని రాగలవా? రానన్నా నేనేమీ అనుకోను.

నీ
చెంచురామయ్య


బిట్రగుంట స్టేషను,
21-11-1962

ప్రియమైన శ్రీవారికి,

రానన్నా ఏమీ అనుకోరట! ఎంత పెద్దమనసండీ మీది.

ట్రంకు పెట్టె మీద కూర్చుని రాస్తున్నాను. రైలు రెండు గంటలు ఆలస్యమట. అత్తమ్మ పచ్చడి జాడీని ఒళ్ళో పెట్టుకుని, పక్కనెవరైనా కూర్చోబోతే కాళ్ళు చాపుతున్నారు. మా అన్న టికెట్లు జేబులో ఉన్నాయో లేవో నాలుగుసార్లు చూసుకున్నాడు.

మీ ఉత్తరం నేను ముందు చదివాను, తర్వాత అత్తమ్మకు చదివాను, సాయంత్రం మాలకొండమ్మకు చదివాను. తప్పు రాసినానని మీరు చెప్పిన చోట మూడుసార్లూ ఆగి, ఆ ముక్క మళ్ళీ చదివాను. మేస్త్రీ పెళ్ళాన్ని కాలేదని నాకు దిగులు లేదు. ఆ గదిలో నోరు విప్పకుండా ఉండి మీరు మేస్త్రీ అయి ఉంటే, ముత్యాలయ్య ఇంటి ముందు నుంచి నేను ఎలా నడిచేదాన్నో చెప్పండి.

గది ఒకటే కాబట్టి మీ బట్టలు దండెం మీద కాక నేల మీద కనిపిస్తే ఊరుకోను. ఇప్పుడే చెబుతున్నాను.

ఈ ఉత్తరం పోస్టు చెయ్యను. వస్తున్నామని మొన్ననే కార్డు వేశాను కదా, స్టేషనుకు వస్తారు. రైలు దిగగానే మీ చేతికిస్తాను. మీరు చదువుతుంటే పక్కన నిలబడి చూస్తాను. నాలుగేళ్ళుగా రాస్తున్నాను గానీ, నా ఉత్తరం చదివేటప్పుడు మీ ముఖం ఎలా ఉంటుందో నేను ఒక్కసారీ చూడలేదు.

మీ
శేషమ్మ