వన్స్ మోర్ అన్నాక ఫిర్యాదు చెల్లుతుందా?

జగ్గయ్యపేట

మెర్లిన్ నాన్నగారికి వందనాలు. నా మోకాలు బాగానే ఉంది, దిగులు పడకండి. ఫోన్లో చెబితే మధ్యలో నవ్వేస్తారని కార్డు రాస్తున్నాను.

శనివారం మన మెర్లిన్ నన్ను నందిగామలో పాత పాటల కచేరీకి తీసుకెళ్లింది. టిక్కెట్టు మీద హైదరాబాదు గాయని పేరూ ఫొటో వేశారు. తీరా వెళితే ఆవిడ రాలేదు, బదులుగా ఎవరో అమ్మాయి పాడింది. అయిపోయాక నేను డబ్బులు వెనక్కిమ్మని అడిగాను. కచేరీ పెట్టినాయన, "వన్స్ మోర్ అని అరిచింది మీరే కదండీ!" అన్నాడు. నిజమే, అరిచాను. అంత బాగా పాడింది మరి!

డబ్బు వాపసు లేదని టిక్కెట్టు మీద అచ్చేశారు కూడా. "అచ్చేస్తే చట్టమైపోద్దా అమ్మా?" అంటుంది మెర్లిన్. వినియోగదారుల కమిషన్‌కి లాయరు లేకుండా మనమే రాసుకోవచ్చట. సరే, చప్పట్లు కొట్టినదాని ఫిర్యాదు చెల్లుతుందా? ఒకరిని చూపించి ఇంకొకరిని తెచ్చారు కాబట్టి చెల్లుతుందని మెర్లిన్ వాదన. చెల్లినా చెల్లకపోయినా, వాళ్లేమంటారో నాకు తెలుసుకోవాలనుంది. రాస్తాను.

మిరపకాయలు ఎండాయా? మబ్బు పడితే పట్టా కప్పండి.

ఆ అమ్మాయిది పరిటాలట. అక్కడున్న మీ అక్కయ్యగారిని అడిగి పేరు కనుక్కోండి. ఆ అమ్మాయి మీద నాకు ఏ ఫిర్యాదూ లేదని ముందే రాయాలి. రాని ఆవిడ పేరు ఊళ్లో గోడలన్నిటి మీదా ఉంది. పాడినదాని పేరు స్టేజీ మీద కూడా ఎవరూ చెప్పలేదు.

దేవుడు మిమ్మల్నీ, పేరు తెలియని ఆ పిల్లనీ చల్లగా చూడాలి.

జయమణి