మాస్కు జారకుండా

ఫిబ్రవరి 3, సోమవారం

పొద్దున అద్దంలో చూసుకుంటే కళ్ల చుట్టూ నిన్నటి మాస్కు గీత ఇంకా పోలేదు. ముక్కు మీద ఎర్రగా, చెంపల మీద లేతగా. అలాగే ల్యాబుకు వెళ్లాను. ఎవరూ అడగలేదు. నన్ను ఎవరూ ఏమీ అడగరు.

నిన్న స్విమ్మింగ్ పూల్‌లో మూడో క్లాసు. స్కూబా నేర్పే నియాజ్ గారిది నాయుడుపేట. ఇరవై ఏళ్లు ఓడల అడుగున పనిచేసి వచ్చారు. నిన్న నాకు రెండుసార్లు తిట్లు పడ్డాయి. నీళ్లలోంచి తల బయటపెట్టగానే మాస్కును నుదుటి మీదికి నెట్టేస్తున్నాను, చదువుతూ చదువుతూ కళ్లద్దాలు నెట్టుకున్నట్టు. నెత్తిన పెట్టుకుంటే చిన్న అల చాలమ్మా, ఎనక్కి పడి పోతాది, మెడకు దించుకో అన్నారు. సముద్రంలో అయితే మాస్కు నుదుటి మీద ఉన్నవాళ్లు ఆపదలో ఉన్నారని అనుకుంటారట. నువ్వు ఊరికే నిలబడుకోని ఉంటే పడవోళ్లు నిన్ను కాపాడేదానికి దూకుతారు అన్నారు. నాతోపాటు నేర్చుకుంటున్న గిరిప్రసాద్ చాలాసేపు నవ్వాడు. అతను చిత్తూరులో పెళ్లి ఫోటోలు తీస్తాడు.

నాకు నవ్వు రాలేదు. ఇరవయ్యో తారీఖు లోపల స్కూబా సర్టిఫికెట్ ఇవ్వకపోతే, సముద్రపు గడ్డి ప్రాజెక్టులో నాకు వచ్చిన ఉద్యోగం వెయిటింగ్ లిస్టులో ఉన్న రూపశ్రీకి వెళ్లిపోతుంది. నెలకు పది రోజులు సముద్రం, మిగతా రోజులు ఇక్కడే తిరుపతిలో. మూడేళ్లుగా నేను సీసాలకు లేబుళ్లు అంటిస్తున్నాను.

ఫిబ్రవరి 8, శనివారం

సాయంత్రం అమ్మ తలకు నూనె పెట్టింది. ప్రతి శనివారం పెడుతుంది. మల్లెలు కట్టి కట్టి అమ్మ వేళ్ల చివరలు గరుకుగా ఉంటాయి. మాడు మీద ఆ గరుకు నాకు ఇష్టం. చెంప దగ్గర వేలు ఆగింది. ఏంది పాపా ఈ గుంత అంది. మాస్కు పట్టీ అన్నాను. అంత బిగించి కట్టుకుంటారా, మనిషివా మూటవా అంది.

నిజమే. నియాజ్ గారు కూడా అదే అంటారు. బిగిస్తే ఆగదు, సరిగ్గా కూర్చుంటే ఆగుతుంది.

రేపు క్వారీ. మొదటిసారి లోతు నీళ్లు.

ఫిబ్రవరి 9, ఆదివారం

మాస్కు పోయింది.

బంగారుపాళ్యం అవతల రాయి తీసి వదిలేసిన గ్రానైట్ క్వారీ. నీళ్లు ఆకుపచ్చగా, కదలకుండా ఉన్నాయి. చెప్పినట్టే చేశాను. ఒక అరచేయి మాస్కు మీద, నోటి గొట్టం మీద ఒత్తి పట్టుకుని పెద్ద అడుగు వేశాను. దూకేటప్పుడు పోలేదు. కిందికి దిగుతూ పక్కకు తల తిప్పాను, అంతే. వెనక పట్టీ మెల్లగా పైకి జారడం తెలిసింది. తెలిసి కూడా చేయి లేవలేదు. మొహం మీద చల్లగా నీళ్లు తగిలాయి. నియాజ్ గారు నా భుజం పట్టి పైకి తెచ్చారు.

తరవాత ఆయన రెండుసార్లు దిగారు. నలభై అడుగుల కింద అంతా బురద. ఉత్త చేతులతో వచ్చారు. నా తల తాకి వేళ్లు వాసన చూసుకున్నారు. కొబ్బరినూనె అన్నారు. తల దోసె పెనం మాదిరి ఉంటే రబ్బరు యాడ నిలుస్తాది, ఎవురు పెట్టినారు అన్నారు. నేనే పెట్టుకున్నానని చెప్పాను. గుండు కొట్టించుకో మేడం, ఊరు తిరుపతే గదా అన్నాడు గిరిప్రసాద్.

వ్యాన్‌లో తిరుపతి దాకా కిటికీ వైపే చూశాను. ఏమీ కనిపించలేదు. కళ్లద్దాలు బ్యాగులోనే ఉండిపోయాయి.

ఫిబ్రవరి 10

మాస్కు చేసిచ్చిన చెన్నై షాపుకు ఫోన్ చేశాను. నా కళ్లద్దాల పవర్‌తో మళ్లీ ఇంకోటి చేయడానికి పద్దెనిమిది రోజులట.

ఫిబ్రవరి 12, బుధవారం

నియాజ్ గారు తన మామూలు మాస్కు ఇచ్చారు. పవర్ లేదు. ఆ క్వారీలో చూసేది ఏముండాది, నా చెయ్యి కనపడితే చాల్లే అన్నారు. ఈ ఆదివారం పరీక్ష. నీళ్ల అడుగున మాస్కు తీసి, మళ్లీ పెట్టుకుని, లోపలి నీళ్లు ఊదేయాలి. తప్పితే మళ్లీ మార్చిలోనే.

రబ్బరు పట్టీకి గుడ్డ తొడుగు వేస్తే జుట్టు మీద నిలుస్తుందట. కాన్వెంట్ రోజుల తెల్ల సాక్సు ఒకటి దొరికింది. పాదం కత్తిరించి, మిగిలిన గొట్టాన్ని పట్టీకి తొడిగి చివరలు కుట్టాను. పట్టీ తల వెనక ఉబ్బుకు పైన ఉండాలి. జడ దానికి కింద.

నూనె సంగతి మాత్రం మిగిలింది. అమ్మకు చెప్పాలి. ఇంత చిన్న మాట మూడు రోజులుగా చెప్పలేకపోతున్నాను.

ఫిబ్రవరి 15, శనివారం

అమ్మ నూనె గిన్నె వెచ్చబెట్టి పిలిచింది. వద్దన్నాను. ఎందుకంది. మొత్తం చెప్పాను. మాస్కు, క్వారీ, రూపశ్రీ.

అమ్మ గిన్నె కింద పెట్టింది. అప్పుడే చెప్పుంటే అయిపోయేది గదా, నేనేమన్నా నీకు అడ్డం పన్నానా అంది. వారం దినాలు నోరు కట్టుకోని తిరిగినావు, చదువుకున్నదానివి అంది. నూనె తిరిగి సీసాలో పోసింది. ఒక్క చుక్క కింద పడలేదు.

కుంకుడుకాయలు నానబెట్టింది. రెండుసార్లు తలంటుకున్నాను.

ఫిబ్రవరి 16, ఆదివారం

ఇరవై అడుగుల లోతున రాతి గట్టు మీద మోకాళ్ల మీద కూర్చున్నాం. దిగేటప్పుడు పట్టీ జారలేదు. నియాజ్ గారు సైగ చేశారు. మాస్కు తీశాను. పెట్టుకోబోతుంటే పక్కన గిరిప్రసాద్ పైకి లేచాడు. అతను కాలికి తొడుక్కున్న రబ్బరు రెక్క నా చేతికి తగిలింది. మాస్కు లేదు.

కళ్లు మూసుకున్నాను. తెరిచినా నాకు ఆకుపచ్చే. గొట్టంలోంచి ఊపిరి వస్తోంది. అంటే తొందర లేదు. మా ఇంట్లో ఏదైనా కింద పడితే వెతకడానికి ఒక పద్ధతి ఉంది. లేవకూడదు. ముందుకు చేయి చాచకూడదు. అరచేయి బోర్లించి మోకాలి పక్కనుంచి మొదలుపెట్టి, చుట్టూ కొంచెం కొంచెం పెద్దది చేస్తూ పోవాలి. మూడో చుట్టులో సాక్సు తగిలింది.

పెట్టుకున్నాను. పై అంచు నుదుటికి అదిమి, తల ఎత్తి, ముక్కుతో ఊదాను. నీళ్లు పోయాయి. ఎదురుగా మసకగా నియాజ్ గారి చేయి. బొటనవేలు, చూపుడు వేలు కలిపి సున్నా చుట్టి ఉంది.

పైకి వచ్చాక, భయపడలేదే, యాడ నేర్చినావమ్మా అన్నారు. ఇంట్లో అన్నాను. మాస్కు మెడకు దించుకున్నాను.

ఫిబ్రవరి 17

సర్టిఫికెట్ అమ్మకు చదివి వినిపించాను. అమ్మకు చూపు పోయి పదకొండేళ్లు.