కాశీలో వదిలిన కాకరకాయ

1956 జూన్ 4. నంద్యాల.
సోడా గ్యాసు బండ కోసం వచ్చాను. జేబులో ఉర్దూ ఉత్తరం. నాకొచ్చింది నాలుగో తరగతి తెలుగు. స్టేషన్ దారిలో కళాయి పోసే ఖాసిం సాయిబు చేత చదివించాను. కాశీ దారిలో మాకు చోటిచ్చిన కరమ్ సింగ్ రాశాడు — రెండేళ్లు కావస్తోంది ఆ మనిషిని చూసి.
చదువుతూ చదువుతూ ఆగాడు ఖాసిం. "ఏందప్పా, నువ్వు కాకరపాదు పెట్టినావంట. కాయలు తిన్నావంట. యాడ?"
"పోయినేడు నీ చేతనే కదా రాయిస్తి."
"అబద్ధమని చెప్పల్యా నాకు."
మిగతాది చదివాడు. పోయిన వానల్లో వాళ్ల పాదు కొట్టుకుపోయిందట. డబ్బాలో దాచిన గింజలు కుళ్లిపోయాయట. "మా ఊరి విత్తనం ఇంక మీ దగ్గరే ఉంది, నాలుగు పంపండి అంటోంది అమ్మ."
పాదు పెట్టనే లేదు. ఆ గింజలు ఎక్కడ పారేశానో...

జూన్ 5. ఆళ్లగడ్డ.
అంగడంతా తిరగేశాను. దొరికాయి. సోడా గోళీల డబ్బా అడుగున, బట్టముడి ముడిగానే ఉంది. పదకొండు గింజలు. కరమ్ వాళ్లమ్మ కట్టిన ముడి. విప్పడానికి చాలాసేపు పట్టింది.

జూన్ 6.
నిద్ర లేవగానే కాశీ గుర్తొచ్చింది. యాభైనాలుగు, శ్రావణం. మోకాలి లోతు గంగలో నేనూ నా భార్య శేషమ్మా. ఇష్టమైనది ఒకటి వదలాలన్నాడు పంతులు. ఆమె కళ్లు మూసుకుని బంగినపల్లి మామిడి వదిలింది. నేను కాకరకాయ వదిలాను. బుద్ధెరిగినాక నోట పెట్టింది లేదు దాన్ని.
"గంగమ్మకు గూడా టోపీ పెడితివా" అంది శేషమ్మ, నీళ్లలోనే.
"వదలమన్న్యారు, వదిల్నా."
"దొంగగా వదిలినా వదిలినట్టే. ఇంక ముట్టుకున్యావంటే పాపం."
ఈ ఎండాకాలం కూడా బుట్టెడు పండ్లు కోసి వచ్చినోళ్లందరికీ పెట్టింది. వేలు కూడా నాకలేదు. చేతులు కడుక్కుంది.

జూన్ 7.
ఆ మూడు రోజులు. తిరుగుప్రయాణంలో ఇటార్సీ దాటాక ముందర వంతెన తెగింది. చిన్న స్టేషన్. బండి కదలదు. కరమ్ సింగ్ అక్కడ పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. తలపాగా, గడ్డం — చూసి శేషమ్మ నా వెనక దాక్కుంది. అతనేమో మా మూటలు తనే ఎత్తుకుని తన క్వార్టరుకు తీసుకుపోయాడు. వాళ్లమ్మను అందరూ బీజీ అంటారు. గోధుమరొట్టెలు కాల్చి మీద వెన్న పెట్టేది. తలా ఒకటి అయిపోగానే ఇంకోటి. వద్దంటే వినదు. ఆ పొయ్యి వాసన ఇప్పటికీ...
రెండో రోజు నా బుద్ధి ఊరుకోలేదు. నోటితో కూత వేసి "గాడీ ఆయీ" అని అరిచాను. స్టేషనంతా పెట్టెలతో పరుగు. ఒకాయన సగం గడ్డం గీసుకుని సబ్బు నురగతోనే వచ్చాడు. బీజీ కడుపు పట్టుకుని నవ్వింది.
"ఏడేళ్లయింది మా అమ్మ నవ్వి" అన్నాడు కరమ్.

జూన్ 9.
అదీ రాయాలి. రెండు రోజులుగా రాయలేదు.
మూడో రోజు పగలు బీజీ కాకరకాయలు వండింది. నిలువుగా చీల్చి, మసాలా కూరి, దారం చుట్టి వేయించింది. ముందు నా పళ్లెంలో పెట్టబోయింది. చేయి అడ్డం పెట్టాను. నా దొంగ మొక్కు ఇంత దూరంలో పనికొచ్చిందే అని నవ్వొచ్చింది. గట్టిగా నవ్వాను.
తన వంటను చూసి నవ్వాననుకుంది. గిన్నె తీసుకుని లోపలికి పోయింది. మళ్లీ బయటికి రాలేదు.
తెల్లారి కరమ్ చెప్పాడు. దేశం రెండైనప్పుడు ఇల్లు, గొడ్లు, పొలం అన్నీ ఆ పక్కనే ఉండిపోయాయట. ఆమె ఓణీ కొంగున మిగిలినవి ఆ గింజలే. ఏ ఊళ్లో తలదాచుకుంటే ఆ ఊళ్లో నాటుతూ, మళ్లీ గింజ దాస్తూ వచ్చింది. ఈ క్వార్టరు ముందర అది తొలి కాపు.
ఆమె అన్నీ వదిలి ఇంత విత్తనం తెచ్చుకుంది. నేను ఏమీ వదలకుండా ఇంత పుణ్యం తెచ్చుకున్నాను.
బండి కదిలేటప్పుడు వచ్చి నా చేతిలో ముడి పెట్టింది. నా సంత ఉర్దూలో శుక్రియా అని ఎక్కేశాను.

జూన్ 12.
గింజలు నానబెట్టి, అంగడి వెనక సీసాలు కడిగిన నీళ్లు పారే చోట నాటాను.

జూన్ 20.
ఏమీ లేదు.

జూన్ 23.
రెండు.

జూన్ 24.
ఒకటి. పక్కింటి కోడి. దాని వంశాన్ని ఏడు తరాలు తిట్టాను.

జూలై 18.
పందిరి వేశాను. ఎవరూ నమ్మరు. శిరివెళ్ల బస్సు డ్రైవరు సోడా తాగుతూ అన్నాడు, "కాకరకాయంటే ఆమడ దూరం ఉరికేటోడివి, కాపలా కాస్తాండావ్. ఇందులో ఏందో తిరకాసు ఉండాది."
"సోడా తాగు, పో."
నలభైఆరేళ్లు వేసిన వేషాలకు ఫలం. నిజం చేస్తున్నా వేషమే అంటారు.

ఆగస్టు 14.
మొదటి పిందె. శేషమ్మ కత్తిపీట తెస్తే అరిచాను. "గింజకు వదలాల."
"అన్నీ గింజకేనా? ఇంకా కాస్తాది లేప్పా."

ఆగస్టు 30.
నాలుగు కోసి వండింది, కొబ్బరికారం పెట్టి. వీధి గుమ్మంలో కూర్చున్నాను. వాసన అక్కడికీ వచ్చింది.
"వాసనకు పాపం ల్యా, లోపలికి రా" అంది.

సెప్టెంబర్ 17.
రెండు కాయలు పండి పసుపుపచ్చగా పగిలాయి. లోపల ఎర్రటి గుజ్జు. కడిగి నీడన ఆరబెట్టాము. ఇరవైమూడు గింజలు.

సెప్టెంబర్ 22. నంద్యాల.
"రాయి ఖాసిం. పాదు పెట్టింది ఈ ఏడే, అప్పుడు రాసింది అబద్ధమని రాయి. నవ్వింది నీ కూర చూసి కాదమ్మా..." అక్కడ ఆగాను. మూడుసార్లు మొదలుపెట్టాను.
ఖాసిం కలం మూశాడు. "ఇది కాగితం మీద చెప్పే మాట కాదన్నా. పోయి చెప్పు."

అక్టోబర్ 8. నంద్యాల స్టేషన్.
బండి ఆలస్యం. గింజలు శేషమ్మ కొంగున ఉన్నాయి. తడుముకుంటూనే ఉంది. ఖాసిం మా ఇత్తడి చెంబుకు కొత్త కళాయి పోసి తెచ్చాడు. డబ్బులు తీసుకోడు.
"గింజలిస్తావ్. అబద్ధం చెప్పినానని ఒప్పుకుంటావ్. సరే. ఆమె మళ్లా అదే కూర వండి పళ్లెంలో పెడితే?" అడిగింది శేషమ్మ.
బండి వస్తోందేమోనని పట్టాల వైపు తొంగి చూశాను. లేదు.
"తినమంటావా?"
"నన్నడగాకు. కాశీలో నన్నడిగితివా?"
ఆ రోజు పళ్లెం మీద అడ్డం పెట్టింది ఈ చేయే. దీంతోనే రాస్తున్నాను. గంట కొట్టారు —