మావయ్యగారు పెట్టిన టిక్కు

1999 మే 20

మా గైడు సార్ పలివెల వచ్చారట. అత్తగారింట్లో పదిహేను రోజులకి పైనే ఉంటారట. హైదరాబాద్‌లో ఆయన గది బయట బెంచీ మీద ఎన్ని మధ్యాహ్నాలు కూర్చున్నానో. ఈ సెలవుల్లో మా ఊళ్ళో ఆటో ఎక్కితే చాలు. మంచిదే.

ఫారం నా పెట్టెలోనే ఉంది. ఎం.ఏ. జర్మన్, రెండో ఏడాదికి. రెండు గళ్ళు – ఒకటి థీసిస్, రెండోది థీసిస్ బదులు రెండు పేపర్లు. గైడు టిక్కు పెట్టి సంతకం చేయాలి. థీసిస్ లేకుండా పాసైతే పీహెచ్‌డీకి తీసుకోరు. రూల్సు కాగితంలో ఉంది, నాలుగుసార్లు చదివాను. నా వైపు అంతా నింపేశాను. కింద నా సంతకం కూడా పెట్టేశాను, ఆయన్ని రెండోసారి ఇబ్బంది పెట్టకుండా.

మే 22

రేపు సార్‌ని భోజనానికి పిలిచారు నాన్న. ఆయన నాన్నకి పిన్నిగారి అల్లుడు. అక్కడ సార్, ఇక్కడ మావయ్యగారు. అమ్మ ఇప్పటినుంచే ఇత్తడి సామాను తోముతోంది.

మే 23

ఒళ్ళు మండిపోతోంది. రాయకపోతే ఏదో ఒకటి పగలగొడతాను.

అంతా బాగానే మొదలైంది. పప్పు, పులుసు, వడియాలు… ఆయన మెచ్చుకుంటూ తిన్నారు. పెరుగు దగ్గరికి వచ్చేసరికి నాన్న వైపు తిరిగి – "అమ్మాయికి థీసిస్ ఎందుకండీ బావగారూ? ఏడాదంతా లైబ్రరీల చుట్టూ తిరగాలి. రెండు పేపర్లు రాసేస్తే హాయిగా అయిపోద్ది కదండీ."

నాన్న: "ఆయ్. తమరెలా అంటే అలాగేనండీ."

ఒక్క ప్రశ్న లేదు. ఎరువుల కొట్టువాడిని అరగంట నిలదీసే మనిషి!

తర్వాత నా వైపు – "ఏవమ్మా, అంతేనా?" నా చేతిలో పెరుగు గిన్నె. విస్తరి ముందు అల్లుడుగారు. అమ్మ గుమ్మంలోంచి చూస్తోంది. నోట్లోంచి వచ్చింది – "ఆయండీ."

నేనే అన్నాను. ఈ నోటితోనే.

చెయ్యి కడుక్కుని తువ్వాలుతో తుడుచుకుంటూ ఫారం తెమ్మన్నారు. రెండో గడిలో టిక్కు. సంతకం. "నేనే ఆఫీసులో ఇచ్చేత్తాలే" అని మడిచి జేబులో పెట్టుకున్నారు. నా సంతకం కింద అప్పటికే ఉంది కదా.

మే 24

అన్నం తినలేదు. ఎవరూ ఎందుకని అడగలేదు. ఎండకి అనుకున్నారు.

మే 26

నాన్నతో గొడవ.

"డిగ్రీ ఒకటే కదే?" ఒకటి కాదు నాన్నా. "అయితే అప్పుడే చెప్పొచ్చుగా?" మీరు చెప్పొచ్చుగా? "అల్లుడుగారు విస్తరి ముందు కూర్చుంటే కాదంటావేవిటే…"

అల్లుడుగారు కాదు, నా గైడు. ఆ సంగతి ఈ ఇంట్లో ఒక్కరికీ ఎక్కదు.

నేను రాయాలనుకున్నది ఏమిటో కూడా చెప్పాను. మొదటిసారి. జర్మనీకి ఉత్తరాన సముద్రం పొంగకుండా గట్లు కట్టుకుని బతికే ఊళ్ళున్నాయి, ఆ గట్ల మీద వాళ్ళు రాసుకున్న కథలున్నాయి. అవి చదువుతుంటే మా క్లాసులో అందరికీ ఫుట్‌నోట్లు కావాల్సివచ్చాయి, నాకు అక్కర్లేదు. ఎనభైయ్యారు వరదలో నాన్న మూడు రోజులు ఏటిగట్టు మీదే ఉన్నారు, ఇసుక బస్తాలు మోస్తూ. గట్టుకి ఎక్కడ బుంగ పడుతుందో, పడితే ముందు ఎవరి చేను పోతుందో, దానికోసం ఊళ్ళో ఎవరు ఎవరితో మాట్లాడ్డం మానేస్తారో నాకు తెలుసు.

నాన్న కండువా తీసి మెడ తుడుచుకున్నారు. తర్వాత, "జర్మనీలో కూడా బుంగలు పడతాయా?"

పడతాయి నాన్నా.

జూన్ 2

పలివెల వెళ్ళాను. ఒక్కదాన్నే.

సావిట్లో ఆయన, పేపరు. నన్ను చూసి, "రామ్మా, లోపలికెళ్ళు, అత్తయ్య ఉంది." లోపల ఆవకాయ ముక్కలు తుడుస్తున్నారు. నా చేతిలో కూడా ఒక గుడ్డ పెట్టింది అత్తయ్య. రెండు గంటలు ముక్కలు తుడిచాను. గైడుని కలవడానికి వెళ్ళి మామిడికాయ ముక్కలు తుడిచి వచ్చిన ఎం.ఏ. విద్యార్థిని ఈ దేశంలో నేనొక్కదాన్నే అయ్యుంటాను.

బయల్దేరేటప్పుడు అడిగేశాను. చెప్పులు వేసుకుని, మెట్ల మీద నిలబడి. మావయ్యగారూ, నాకు థీసిసే కావాలండీ, ఆ గట్ల కథల మీద.

"గట్లూ వరదలూ ఇరిగేషన్ వాళ్ళు చూసుకుంటార్లేమ్మా." నవ్వు. నేను నవ్వకపోయేసరికి – "చూడమ్మా. థీసిస్‌కి గైడుకి ఇద్దరినే ఇత్తారు. మీ క్లాసు కుర్రాళ్ళనే ఇద్దర్ని ఎప్పుడో తీసేసుకున్నాను. వాళ్ళకి ఉద్యోగాలు కావాలి కదా."

నాకేం కావాలి మరి? వడియాలు బాగా పెట్టడమా?

ఆ ఇద్దరి కంటే నా మార్కులు ఎక్కువ. ఆయనే వేశారు.

జూన్ 3

"ఎప్పుడో" తీసుకున్నారు. అంటే మా ఇంటికి రాకముందే. అంటే ఆ భోజనం, ఆ "ఏవమ్మా, అంతేనా" – అంతా దొంగ నాటకం. ఖాళీ లేదు అని ఒక్క ముక్క చెప్తే ఏం పోయేది? నేను ఇంకొకరిని వెతుక్కునేదాన్ని కదా.

జూన్ 9

ఆయన హైదరాబాద్ వెళ్ళిపోయారు. అమ్మ కొబ్బరికాయలు పంపింది. నేను మూట కట్టలేదు.

జూన్ 18

ఎస్టీడీ బూత్ నుంచి డిపార్ట్‌మెంట్‌కి ఫోన్. అదృష్టం, పద్మజ మేడమే ఎత్తారు. అంతా చెప్పాను. గట్ల కథలన్నీ ఆవిడ క్లాసులో చదివినవే. "నా దగ్గర ఖాళీ ఉంది, నేను తీసుకుంటాను" అన్నారు.

ఆగమన్నారు. నా ఫారం తెప్పించి చూశారు.

"రిమార్కుల్లో ఏదో రాశారమ్మా ఆయన. విద్యార్థిని తండ్రి కోరిక మేరకు థీసిస్ మినహాయింపు… అని."

తండ్రి కోరిక!

మేడం మెల్లిగా చెప్పారు. ఇది గైడు మార్పు ఒక్కటే కాదు, ఇంటివాళ్ళు వద్దన్నట్టు ఫైల్లో పడింది. డిపార్ట్‌మెంట్ హెడ్ ముందు ఎవరో ఒకరు అది నిజం కాదని చెప్పాలి. జూన్ 30 లోపు. "నువ్వు చెప్తే పెద్దవాళ్ళని ఎదిరించి వచ్చిందంటారు. మీ నాన్నగారు వస్తే…"

బూత్‌లో వెనక మనిషి తలుపు కొడుతున్నాడు. నాన్నకి చెప్తానని పెట్టేశాను.

జూన్ 19

నాన్నకి చెప్పాను. చదివి వినిపించినట్టు, ఒక్కొక్క మాటా.

"నేనెప్పుడు కోరేనే?" మొహం ఎర్రబడింది.

కోరలేదు. ఆయ్ అన్నారు. అది చాలింది మావయ్యగారికి.

కండువా దులుపుకుని పొలానికి వెళ్ళిపోయారు.

జూన్ 22

నాన్న మాట్లాడటం లేదు. నేనూ అంతే. అమ్మ మధ్యలో గిన్నెలు పెద్దగా పెడుతోంది.

జూన్ 24

అమ్మ బయటపడింది. "పిన్నిగారు ఏవనుకుంటారే? అల్లుడు అబద్ధం రాసేడని నలుగురిలో చెప్తే, రేపు ఆ గడప ఎలా తొక్కుతాం?" నాన్న వింటున్నారు. వాకిట్లో కూర్చుని కాలి గోళ్ళు తీసుకుంటున్నారు.

అరిచాను. ఆ గడప తొక్కకపోతే ఏమవుతుంది, నా చదువు తొక్కేశారు కదా అని. ఇంత గట్టిగా ఎప్పుడూ అరవలేదు ఈ ఇంట్లో. పక్కింటివాళ్ళు గోడ దగ్గరికి వచ్చారు. రానీ.

జూన్ 27

టికెట్టు తీయించుకున్నాను. రేపు సాయంత్రం బస్సు. ఎవరు వచ్చినా రాకపోయినా.

జూన్ 28

పొద్దున్న నాన్న ఇస్త్రీ చొక్కా అడిగారు అమ్మని. సంచీ సర్దుకున్నారు. తనకీ టికెట్టు తీయించారట, నిన్ననే, నాకు చెప్పకుండా.

నాకు ఏడుపొచ్చింది. వెంటనే ఆగిపోయింది – వాకిట్లో చూస్తే గోనెసంచీలో పెద్ద పనసపండు, మూతి కట్టేసి.

"అదెందుకు నాన్నా?"

"బావగారింటికి ఉత్తచేతుల్తో ఎలా వెళ్తావే?"

హెడ్ దగ్గరికి కదా మనం వెళ్ళేది? అన్నాను. "ముందు అటెళ్ళి, అటునుంచి ఇటు" అన్నారు. ఏం చెప్తారు అక్కడ? "చూద్దాంలే" అన్నారు. మావయ్యగారితో తగువుకి వెళ్తున్నారో, క్షమాపణకి వెళ్తున్నారో నాన్న మొహంలో కనపడలేదు. బహుశా ఆయనకే తెలీదు.

ఇంకో రెండు గంటల్లో బస్సు. ఎక్కాక మళ్ళీ అడుగుతాను. సరైన జవాబు రాకపోతే ఆయన్నీ పనసపండునీ రావులపాలెంలో దించేస్తాను.