బుధవారం పప్పుచెక్కలు

గంగాలిన్,
మార్చి 6

ప్రియమైన రామానుజం అంకుల్‌కి,

రిటైరయ్యాక ఈమెయిల్ తెరవనని మీరు భీష్మించుకున్నారు కాబట్టి కాగితం మీద రాస్తున్నాను. ఇరవై ఏళ్లు కంప్యూటర్లకు ఒకదానితో ఒకటి మాటలు కలిపిన మనిషికి చివరికి పోస్ట్‌మ్యాన్ మీదే నమ్మకం!

అంకుల్, ఒక తప్పు చేశాను. ఆఫీసులో ఆర్డర్లు తీసుకునే సిస్టమ్ చెప్పింది గోడౌన్ సిస్టమ్‌కు అర్థమయ్యేలా చూడటం, రెంటిలో ఏది మారినా మధ్యలో మన ప్రోగ్రామ్‌ను సరిచేయడం - ఇదే కదా మీరు నాకు అప్పగించిన పని. గత నెల గోడౌన్ వాళ్లు తమ సిస్టమ్ మార్చారు. ఇదివరకు సరుకును ఒక్కొక్కటిగా లెక్కపెట్టేది, ఇప్పుడు పెట్టెల్లో లెక్కపెడుతోంది. నాకు తెలియలేదు. ఒక చిన్న బడి నలభై మాప్‌కర్రలు అడిగితే నలభై పెట్టెలు దిగాయి. "కాన్‌బెర్రా మొత్తం మమ్మల్నే తుడవమంటారా?" అని ప్రిన్సిపల్ ఫోన్ చేసి నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

మీరు ప్రతి బుధవారం పప్పుచెక్కల డబ్బాతో గోడౌన్‌కు టీకి వెళ్లేవారు కదా. మీరు రిటైరైన వారానికే నేనది మానేశాను. కబుర్లతో గంట దండగ అనుకున్నాను. అన్నీ తనిఖీ చేసే ప్రోగ్రామ్ ఒకటి రాసి మురిసిపోయాను. అంకె సరిగ్గానే వెళ్లింది కాబట్టి అదీ నోరెత్తలేదు. మీరిచ్చిన డబ్బాలో ఇప్పుడు చార్జర్ వైర్లున్నాయి. అన్నీ సవ్యంగా నడిచినన్నాళ్లు నన్నెవరూ తలవలేదు, ఒక్కసారి తప్పితే ఆఫీసంతా నా పేరే. నెలాఖరున రాజీనామా ఇచ్చేస్తాను. కాగితం బ్యాగులోనే ఉంది. మీకు చెప్పకుండా వెళ్లడానికి మనసొప్పలేదు.

మీ శిష్యురాలు,
భానుశ్రీ


స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్,
మార్చి 12

చిరంజీవి భానుశ్రీకి,

నీ ఉత్తరం చదివి నేనూ మీ వసంత ఆంటీ పడీపడీ నవ్వాం. కోప్పడకు. ఆ టీ ఎందుకు మొదలైందో నీకెప్పుడూ చెప్పలేదు, పరువు పోతుందని. నేను చేరిన కొత్తలో ఒక క్లబ్బుకు ముప్ఫై కుర్చీలు వెళ్లాల్సింది, ముప్ఫై చెత్తబుట్టలు వెళ్లాయి. గోడౌన్‌లో సరుకుల నంబర్లు మారాయని నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. మర్నాడే మీ ఆంటీ చెక్కలు వేయించి, గోడౌన్ వాళ్లతో టీ తాగి రమ్మని చేతికిచ్చింది. సిస్టమ్ మారబోతోందని ముందు తెలిసేది మనుషులకే. వాళ్లు మెయిల్ రాయరమ్మా, టీ తాగుతూ చెబుతారు.

నీ తనిఖీ ప్రోగ్రామ్‌ను అలాగే ఉంచు. డబ్బాలోంచి వైర్లు మాత్రం తియ్యి. చెక్కలు పార్సిల్ చేశాం. రాజీనామా సంగతి బుధవారం తర్వాత మాట్లాడుకుందాం.

ఆశీస్సులతో,
రామానుజం


గంగాలిన్,
బుధవారం సాయంత్రం

అంకుల్‌కీ ఆంటీకీ,

చెక్కలు విరగకుండా చేరాయి. పొద్దున హడావిడిలో డబ్బా అడుగున వేయడానికి ఏమీ దొరక్క, బ్యాగులో ఉన్న కాగితమే మడిచి వేశాను. గోడౌన్‌లో పనిచేసే ఆదర్శ్ రెండో చెక్క కొరుకుతూ, "అక్కా, వచ్చే నెల మా ఐటెం నంబర్లు ఆరంకెల నుంచి ఎనిమిది అయితున్నయ్. నీకెవ్వరు చెప్పలేదా?" అన్నాడు. ఎవరూ చెప్పలేదు! సంతోషం పట్టలేక మూడోది వాడి చేతిలో పెట్టాను. రేపే ఆ మార్పు పని మొదలుపెడతాను.

రాజీనామా నిండా నూనె మరకలు. ఇక దాన్ని ఎవరికీ ఇవ్వలేను.

మీ
భానుశ్రీ