మా ఇంటి రెండో మంచం

భవానీపురం, విజయవాడ
14-07-2025, సోమవారం

కృపానందం మామయ్యా,

నేను వన్ టౌన్ స్టీలు సామాన్ల గోడౌన్‌లో పనిలో ఉండగా మీరు మా అమ్మను కారెక్కించి హనుమాన్ జంక్షన్‌లోని మీ ఇంటికి తీసుకుపోయారు. పక్షవాతంతో నోట మాట పడిపోయిన మనిషి. రానని చెప్పలేకపోయింది. మీరు చేసింది తప్పు. అందుకే ఇందులో వందనాలు లేవు. ఫోన్ ఎత్తడం లేదు కాబట్టి రాస్తున్నాను.

స్టెల్లా అత్తతో "ఇన్నేళ్లు మా చెల్లి మార్తకు చాకిరీ చేశావు, ఇక చాలమ్మా, నీ దారి నువ్వు చూసుకో" అన్నారట. అత్తకు వేరే దారేది? నేను కడుపులో ఉండగానే నాన్న ఇంకొకామెతో పోయాడు. ఆయన సొంత చెల్లెలు మాత్రం వదిన దగ్గరే ఉండిపోయింది. ఊరు దాన్ని త్యాగమంది. మీరు చర్చి సంఘంలో అత్తకు శాలువా కప్పారు.

అది త్యాగం కాదు, కాపురం. నన్ను పెంచింది ఆ ఇద్దరూ.

మా ఇంట్లో రెండు మంచాలు. రెండో దాని మీద ఎవరూ పడుకోరు. చిన్నప్పుడు ఊళ్లో, పొద్దున్నే దాని దుప్పటి నలిపి, దిండు మధ్యలో గుంట చెయ్యడం నా పని. కోళ్ల గంప ఎత్తడం లాంటిదే అదీ అనుకున్నాను. వేరే ఇళ్లలో ఆ పని ఉండదని చాలా ఆలస్యంగా తెలిసింది.

నాట్లలో ఆడవాళ్లు వదలరు కదా. "వదినా మరదళ్లంటే జుట్లు పట్టుకోవాలి గానీ ఈ పాలూ నీళ్లూ ఏంటే! మీలో మొగుడెవరే?" అనేవాళ్లు. "మా ఇంటి మగదిక్కు ఆ దున్నపోతే గదే, పోయి దాన్నడుగు" అనేది అత్త. అందరూ నవ్వేవాళ్లు. అమ్మ మాత్రం వంచిన తల ఎత్తేది కాదు.

నిన్న మీరు ఆరాధనలో ఉన్నప్పుడు మీ ఇంటికొచ్చాను. మీ ఆవిడ స్పూనుతో జావ పోస్తే అమ్మ పెదవులు బిగబట్టింది. నేను పోసినా అంతే. ఆసుపత్రి నుంచి వచ్చాక అత్త చేత్తో తప్ప తినలేదు. ముక్కులో గొట్టం వేయిస్తామన్నారట మీరు. అంతకుముందు అత్త బస్సెక్కి వస్తే వరండాలో టీ ఇచ్చి, నిద్రపోతోందని చెప్పి పంపేశారు. అప్పుడు అమ్మ మెలకువగానే ఉందని మీ ఆవిడే చెప్పింది.

డయానా

తా.క.: తెలియదని ఊరికి చెప్పుకోండి, నాకు కాదు. నా చిన్నప్పుడు ఓ మధ్యాహ్నం మీరు తలుపు తోసి, లోపలికి చూసి, మళ్లీ దగ్గరగా వేశారు. "వాళ్లు పడుకున్నారమ్మా, ఎవర్నీ లోపలికి పోనివ్వకు" అని నాతో చెప్పి, ఎండ దిగేదాకా అరుగు మీద కాపలా కూర్చున్నారు. అది నేను మర్చిపోలేదు. ఇప్పుడు మీ భయం వేరు. రేపు అమ్మ పోయాక శవపెట్టె దగ్గర అత్త ఎలా ఏడుస్తుందో, ఆ ఏడుపులో సంఘం ఏం కనిపెడుతుందో అని. ఏడవనివ్వండి.

శనివారం పొద్దుగూకేలోగా అమ్మను అత్త దగ్గర దించండి. దించుతారో లేదో శుక్రవారంలోగా నాకు చెప్పండి. లేదంటే ఆదివారం చర్చిలో సాక్ష్యాలు చెప్పే వేళ అందరి ముందూ అత్త లేచి నిలబడుతుంది. అది నేను నేర్పిన మాట కాదు. తనే అంది.