షానన్ నదిలో కార్తీక స్నానం

డాక్టర్ మైథిలి గారికి,

నా పేరు పెంకే మంగతాయారు. వయసు డెబ్బై నాలుగు, ఊరు కొవ్వూరు. ఇప్పుడు ఈ చలి దేశంలో, ఆడమ్స్‌టౌన్‌లో కూతురు కృష్ణవేణి, సాఫ్ట్‌వేరు అల్లుడు త్రినాథ్ గారు, మనవరాలు లోహితతో ఉంటున్నాను. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే పక్కింటి చాముండేశ్వరి రాస్తోంది.

నాకు మతిమరుపు వచ్చిందని అల్లుడుగారు సోమవారం మీ దగ్గరికి పరీక్షకి తెస్తున్నారు. ముందు నా మాట వినండి.

సెలవులకి షానన్ నది ఒడ్డున పల్లెలో ఇల్లు తీసుకున్నాం. కార్తీక మాసం. ఎదురుగా అంత నదిని పెట్టుకుని బాత్రూములో పోసుకోనా? తెల్లారకుండానే చెప్పులు గట్టున విడిచి, చీరతోనే రేవులో మూడు మునకలు వేశాను. ఆ చెప్పులు చూసి ఇల్లు అద్దెకిచ్చిన దొరసాని, నేను నదిలో పడి పోయాననుకుని పోలీసు గార్డుల్నీ పడవల్నీ పిలిచింది. నేను చెట్టు చాటున చీర పిండుకుంటున్నాను.

"చెప్పి వెళ్ళాలి కదా అత్తయ్యగారూ" అన్నారు అల్లుడుగారు.

"చెబితే వెళ్ళనిచ్చేవారా?" అన్నాను.

అప్పట్నుంచి లోహితని నాతో పార్కుకి కూడా పంపడం లేదు. పిల్ల బూట్లేసుకుని తలుపు దగ్గర నిలబడుతోంది. నాకు కాలు నిలవడం లేదు.

చలికి భయం లేదని రాయండి, మొండిదని రాయండి. మతిమరుపని మాత్రం రాయొద్దు. ఆ ఇంట్లో అది కార్తీకమని గుర్తున్నది నాకొక్కదానికే.

మంగతాయారు వేలిముద్ర
సాక్షులు: చాముండేశ్వరి, ఆమె భర్త కృష్ణప్రసాద్